ఎనిమిది ఫారాలు

మొన్న మా పాత ప్రెస్సు మేస్త్రిగారి పెద్దకర్మకి అంబాజీపేట దగ్గర వాళ్ల ఊరు వెళ్లొచ్చాను. భోజనాలయ్యాక బయల్దేరుతుంటే వాళ్లబ్బాయి వెనకాలే వచ్చి, పాత పంచె గుడ్డలో చుట్టి పురికొసతో కట్టిన చిన్న మూట ఒకటి నా చేతిలో పెట్టాడు. "మీకిమ్మని నాన్న చెప్పేరండి. ఎప్పుడో కట్టి ఉంచేరు. మేం విప్పలేదండి" అన్నాడు. పిడికెడు మూటే గానీ మంచి బరువుంది. సంచిలో వేసుకుని బస్సెక్కాను.

కొత్తపేట దాటేసరికి సంచిలోంచి వాసన మొదలైంది. కిరసనాయిలు, దాని వెనకాల అచ్చు సిరా. పక్కసీట్లో పెద్దావిడ రెండుసార్లు సంచి వంక చూసి, "కిరసనాయిలు గానీ ఒలికిందేమో చూసుకోండి బాబూ" అంది. పాత సామానమ్మా, అందులో ఒలికేదేం లేదు అన్నాను. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం జొన్నాడ దగ్గర గౌతమి దాటి, కడియపులంక నర్సరీలు దాటి, వేమగిరి వచ్చేదాకా సంచి ఒళ్లో పెట్టుకుని ఆ వాసనే పీలుస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక కూడా మూట విప్పలేదు. బల్ల మీద పెట్టి ఇది రాయడం మొదలుపెట్టాను.

నేను డిటెక్టివ్ నవలలు రాశాను, ఆడపేరుతో సీరియళ్లు రాశాను, రేడియో నాటకాలు రాశాను, పిల్లల కథలు రాశాను, చివరికి గోదారి గురించి ఒక పెద్ద నవల రాశాను. ఇన్ని రకాలు ఎలా రాశారండీ అని సభల్లో అడుగుతుంటారు. ఏదో ఒక జవాబు చెప్పి కూర్చుంటాను. అసలు జవాబు మేస్త్రిగారి దగ్గర మొదలవుతుంది, అది మైకు ముందు రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

* * *

రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక సందు చివర పెంకుటిల్లు, అదే మా ప్రెస్సు. ముందు గదిలో యజమాని బల్ల, వెనక పొడుగాటి హాల్లో వరసగా సీసం అచ్చులుండే గళ్ల కేసులు, ఆ చివర అచ్చేసే ట్రెడిల్ మెషిను. ముక్తేశ్వరం పక్కన మా ఊరి నుంచి, ఇంటర్ అయ్యి పై చదువుకి డబ్బుల్లేక, ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, వీటితోపాటు నెలకొక డిటెక్టివ్ నవల. అప్పట్లో ఏ ఊరి సెంటర్లో చూసినా అద్దె పుస్తకాల షాపు ఉండేది, తడిక గోడలకి తాళ్లు కట్టి వాటి మీద పుస్తకాలు బట్టలు ఆరేసినట్టు వేలాడేసేవారు. మా నవలలు అక్కడికే వెళ్లేవి.

ఆ హాల్లో పొద్దున్నే ముందు వినిపించేది మైదా ఉడికే చప్పుడు. అట్టలు అంటించడానికి జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం వేసేవారు. ఆ తర్వాత కేసుల ముందు చేరిన ముగ్గురు నలుగురి చేతుల్లో అచ్చులు పేర్చే స్టిక్కులు, సీసం అచ్చులు ఒకదానికొకటి తగిలే చిన్న టిక్కుటిక్కు. పదింటికల్లా ట్రెడిల్ మొదలయ్యేది, ఇంక సాయంత్రం దాకా మాట్లాడాలంటే కేకేయాల్సిందే.

మేస్త్రిగారు బక్కపలచటి మనిషి. ఎడంచేతిలో స్టిక్కు, కుడిచెయ్యి దానంతటది కేసు మీద తిరుగుతూ ఉండేది, కళ్లు మాత్రం రాతప్రతి మీదే. ఇంగ్లీషు కంపోజింగుకి కొద్ది గళ్లు చాలు. తెలుగుకి అలా కుదరదు. క వేరు, కి వేరు, కీ వేరు, కింద పెట్టే ఒత్తులు వేరు, వందల గళ్లు. వాటిలో ఏది ఎక్కడుందో ఆయన వేళ్లకి తెలుసు. అచ్చులు స్టిక్కులో తలకిందులుగా, ఎదురు తిరిగి ఉంటాయి. ఆయన అలాగే చదివేసేవారు. నా కథ మొట్టమొదట చదివింది ఆయనే, అదీ తలకిందులుగా.

నేను రాయడం మొదలెట్టింది కూడా అక్కడే. ప్రతినెలా నవల ఇచ్చే ఆయన ఒక నెల ఇవ్వలేదు. కాగితం కొనేశారు, అట్ట అచ్చయిపోయింది, షాపులకి కార్డులు వెళ్లిపోయాయి. యజమాని తల పట్టుకుని కూర్చుంటే మేస్త్రిగారు నన్ను చూపించి, "ఈ అబ్బాయి ప్రూఫు దిద్దుతూ కథ మారుస్తున్నాడండి, రాయించండి" అన్నారు. నిజమే, వాక్యం బాగోకపోతే మార్చేసేవాణ్ని, ఆయనకి తెలియదనుకునేవాణ్ని. 150 రూపాయలు, పన్నెండు రోజులు, ఎనిమిది ఫారాలు.

ఫారం అంటే చెప్పాలి. క్రౌన్ సైజు కాగితం రెండు వైపులా అచ్చేసి మడిస్తే 16 పేజీలు. ఎనిమిది ఫారాలంటే 128 పేజీలు, అదే నవల. మా దగ్గర ఉన్న టైపు ఒక ఫారానికి సరిపడా మాత్రమే ఉండేది. అది అచ్చయ్యాక అచ్చులన్నీ కిరసనాయిలుతో కడిగి, విప్పి, ఎవరి గడిలో వాళ్లని వేసి, రెండో ఫారం మొదలుపెట్టాలి. అంటే నేను మూడో ఫారం రాస్తున్నప్పటికి మొదటిది వెయ్యి కాపీలు అచ్చయిపోయి గది మూల కట్టలు కట్టి ఉంది. దాంట్లో ఇంక ఒక అక్షరం మార్చడానికి లేదు. హంతకుడెవరో నాకే ఇంకా తెలియదు!

నాలుగో ఫారం దగ్గర ఆగిపోయాను. కథ ముందుకి నడవదు, వెనక్కి వెళ్లి మార్చడానికి వీల్లేదు. రాత్రి మెషిను ఆగాక ఆ కట్టల మీదే కూర్చుని మొదటి ఫారం తీసి చదువుకున్నాను. ఏడో పేజీలో ఒక మనిషి తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి లోపలికొస్తాడు. ఎందుకు రాశానో గుర్తులేదు, ఆ వేళ వానేమో. రెండో ఫారంలో మాత్రం ఆ రోజు ఎండగా ఉందని రాశాను. పొరపాటే. కానీ ఎండరోజున గొడుగెందుకు తడిసింది? ఆ మనిషి గొడుగేసుకుని ఏ నీళ్లలో దిగాడు? తెల్లారేసరికి నాలుగు, ఐదు ఫారాలు అయిపోయాయి.

ఇప్పటికీ కథ ఆగిపోతే ముందుకి చూడను, వెనక రాసిందాంట్లో వెతుక్కుంటాను. రాసిన కాగితాలు పదహారయ్యాక దారంతో కట్టేసి, అది అచ్చయిపోయిందనే అనుకుంటాను.

* * *

ఆ నవల్లోనే ఇంకొకటి జరిగింది.

కథలో అమ్మాయి పేరు వాణి. మొదటి ఫారం సగం దాటాక మేస్త్రిగారు స్టిక్కు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు. "అబ్బాయ్, 'ణి'లు అయిపోయాయి" అన్నారు. నాకర్థం కాలేదు. "కేసులో ఉన్నవి నలభై. వాణి వచ్చింది, వాణి కూర్చుంది, వాణి నవ్వింది. ఇంకా ఆరు పేజీలుంది. నువ్వేమో పేజీకి నాలుగుసార్లు పిలుస్తున్నావ్. నేనెక్కడ తెచ్చేది?"

పేరు మార్చేస్తానన్నాను. అప్పటికి పది పేజీలు కంపోజయిపోయాయి, మళ్లీ విప్పాలంటే రోజు పని. అప్పుడాయన అన్న మాట నాకు బాగా గుర్తు. "మీ ఇంట్లో మీ అమ్మని పేరుపెట్టి పిలిచేది ఎవరోయ్?"

ఎవరూ లేరు. నాన్న "ఏమేవ్" అనేవాడు. మేం అమ్మా. పక్కింటివాళ్లకి ఒదినగారు, చాకలి వచ్చినప్పుడు అమ్మగారు, మేనత్తలకి ఒదినమ్మ, కిందవాటా పిల్లలకి పెద్దమ్మ. ఆవిడ పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. 

మిగిలిన ఆరు పేజీల్లో వాణి అన్న మాట రాకుండా రాశాను. వాళ్లన్నయ్య "చెల్లాయ్" అన్నాడు. ఆఫీసులో "ఏమండీ" అన్నారు. డిటెక్టివు మొదట "మీరు" అన్నాడు, చివర్లో ఒక్కసారి "నువ్వు" అన్నాడు. అంతవరకూ అట్టముక్కలా ఉన్న పిల్ల ఆ ఆరు పేజీల్లో మనిషయ్యింది. ఎవరి కళ్లతో చూస్తే ఆ పిలుపుతో కనిపించేది, పిలుపు మారితే మధ్యలో ఏదో జరిగిందని చదివేవాళ్లకి చెప్పకుండానే తెలిసిపోయేది. ఆ తర్వాత నేను ఏ రకం రాసినా ఇదొక్కటే చేశాను. మనిషిని సృష్టించే ముందు ఆ మనిషిని ఎవరెవరు ఏమని పిలుస్తారో కాగితం మీద రాసుకుంటాను. ఆ పట్టీ నిండితే కథ దొరికినట్టే.

* * *

ఇరవై ఒక్క డిటెక్టివ్ నవలలయ్యాక నాకు విసుగొచ్చింది. వారపత్రికల్లో అప్పుడు రచయిత్రుల సీరియళ్లదే రాజ్యం. మగవాళ్లు కూడా ఆడపేర్లతో రాసేవారు. నేను మా అమ్మ పేరు పెట్టుకున్నాను. అడిగితే, "పెట్టుకో, ఊరికే పడున్న పేరేగా" అంది. 

మూడో వారం నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. పత్రికవాళ్లు కట్టగట్టి పంపేవారు, పోస్టుమాన్ మా వీధరుగు మీద కట్ట పెట్టి, "అమ్మగారూ, మీకేనండి" అని నవ్వేవాడు. అన్నీ నీలం ఇన్‌లాండు కవర్లు. "అక్కయ్యా" అని మొదలయ్యేవి. "పిన్నిగారికి నమస్కరించి" అని కూడా ఉండేవి. అమ్మకి అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. ఆదివారాలు నేను ఊరికొస్తే, పెరట్లో కత్తిపీట ముందేసుకుని, చేతులకి నూనె రాసుకుని పనసపొట్టు కొడుతూ, "చదవరా" అనేది. కత్తి చప్పుడు ఒక లెక్కన సాగుతూ ఉండేది. ఉత్తరంలో ఏదైనా గట్టి మాటొస్తే ఆగేది.

ఒకమ్మాయి రాసింది. మీ కథలో కోడలు పుట్టింటికి వెళ్లిపోవడం న్యాయమేనా అక్కయ్యా, నేనూ పెట్టె సర్దుకుని నాలుగు రోజులైంది, కదల్లేకపోతున్నాను అని. కత్తి ఆగింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రాయి" అంది. "అమ్మాయీ, పెట్టె సర్దావు సరే. బస్సు చార్జీకి డబ్బులు నీ చేతిలో ఉన్నాయా? లేకపోతే ముందు అవి చూసుకో. ఎవర్నీ అడక్కు. బియ్యం డబ్బా అడుగున వేసుకో. ఉన్నాయని తెలిస్తే నీకే తెలుస్తుంది వెళ్లాలో వద్దో."

అది విని నేను కలం కింద పెట్టేశాను. బియ్యం డబ్బా అడుగున డబ్బులు మా ఇంట్లో ఉండేవని నాకు తెలుసు. ఎందుకుండేవో ఆ రోజే తెలిసింది.

సీరియల్‌కి ఐదు వారాలు ముందే కాపీ పంపాలి కాబట్టి వెంటనే పెట్టలేకపోయాను గానీ, ఆ కోడలు పుట్టింటి నుంచి తిరిగి వచ్చాక రాత్రిపూట బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చిల్లర లెక్కపెట్టుకునే ఘట్టం అలా వచ్చింది. దానికొచ్చినన్ని ఉత్తరాలు దేనికీ రాలేదు. ఆ పేరు మీద నాలుగు సీరియళ్లు వచ్చాయి. వాటిని నేనొక్కణ్నే రాశానని ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను. పెట్టె సర్దుకున్న అమ్మాయి మళ్లీ ఉత్తరం రాయలేదు. అమ్మ మాత్రం చాలాకాలం కట్ట వచ్చినప్పుడల్లా, "ఆ పిల్ల రాసిందేమో చూడు" అనేది.

* * *

రేడియో గురించి తక్కువే చెబుతాను. విజయవాడ కేంద్రానికి అరగంట నాటకాలు ఓ పది దాకా రాశాను. అందులో నా చదువంతా కోటిపల్లి రేవు.

కాకినాడ వెళ్లాలన్నా రావాలన్నా మాకు రేవు దాటాలి. చివరి పంటు తప్పిపోతే చీకట్లో నాటుపడవ కోసం కూర్చోవాలి. దీపం ఉండదు, మొహాలు కనపడవు, నీటి మీద మాట చాలా దూరం పోతుంది. ఆవలి ఒడ్డునుంచి ఎవరో "ఓ... పడవోయ్..." అని కేకేస్తే ఈవల ఉన్నవాడు గొంతుని బట్టి మనిషిని చెప్పేసేవాడు. "మన పెద్దిల్లు బావ. తాగలేదివాళ." అలా కూర్చుని విన్నవే నా నాటకాలు. రేడియోలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వినేవాడికి తెలియాలి, అలాగని పాత్రలు ఒకరినొకరు మాటిమాటికీ పేర్లు పెట్టి పిలుచుకుంటే బళ్లో హాజరు తీసుకున్నట్టుంటుంది. "బావగారూ" అంటే సరిపోతుంది, "ఒరే పెద్దోడా" అంటే సరిపోతుంది. అప్పటికే మేస్త్రిగారి దగ్గర నేర్చుకుని ఉన్నాను కదా, నాకు చేతికి తేలిగ్గా వచ్చింది. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య వంతెన వచ్చాక కాకినాడ వెళ్లే జనం అటు మళ్లారు. రేవులో ఆ చీకటి కబుర్లు పలచబడిపోయాయి. ఇప్పుడు రేడియో నాటకం రాయమంటే నేనెక్కడికెళ్లి కూర్చోవాలో నాకు తోచదు.

* * *

1986 ఆగస్టు వరద ఇక్కడివాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి. మేం బడి మేడ మీద ఉన్నాం. నీళ్లు తీశాక ఇంటికెళ్తే, అమ్మ ముందు వెతికింది వంటసామాను కోసం కాదు, ఉత్తరాల ట్రంకుపెట్టె కోసం. మూత తీస్తే లోపల బురద నీళ్లు. ఆవిడ ఒక్కొక్క కవరూ విప్పి పెరట్లో కొబ్బరితాడు కట్టి ఆరేసింది. బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి. సిరాతో రాసినవి కాగితమంతా నీలంగా అలికేసినట్టయి, ఒక్క అక్షరం లేదు. వాటినీ ఆరేసింది. అవెందుకమ్మా అంటే, "వాళ్లూ రాసేరు కదా" అంది. 

ఈ నీలం కాగితాలే పదేళ్ల తర్వాత నా గోదారి నవలకి మొదటి పేజీ అయ్యాయి. కానీ అప్పటికింకా రాయలేదు. టీవీ వచ్చింది, అద్దె షాపులు ఒక్కొక్కటే మూసేశారు, సీరియళ్లు తగ్గాయి, నేను ఒక స్కూల్లో తెలుగు చెప్పుకుంటూ బతికాను. ఆ ఏళ్ల గురించి రాయడానికేమీ లేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కొట్టింది. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే, పుట్టినప్పటి నుంచీ కొబ్బరిచెట్ల నీడలో తప్ప చూడని మా ఊరు ఎండలో ఉంది. చెట్లు వరసగా ఒకే వైపు పడున్నాయి. నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగికి సాయంగా చెట్లు లెక్కపెట్టే పనిలో నేనూ తిరిగాను. ఆయన "ఎన్ని?" అని అడుగుతాడు. జనం అంకె చెప్పరు. "ఇది మా పెద్దోడు పుట్టినప్పుడు వేసిందండి. ఇది మా అత్తగారు. ఇదేమో ఆడపడుచు కట్నంలో వచ్చిన గట్టు మీదదండి." ఒకావిడ పడిన చెట్టు మీద చెయ్యి వేసి, "మావయ్యగారండీ" అని ఊరుకుంది. మామగారు నాటిన చెట్టని నాకర్థమైంది, ఉద్యోగికి కాలేదు. ఆయన 1 అని వేసుకున్నాడు.

నా దగ్గరున్న పుస్తకంలో నేను ఆ మాటలన్నీ రాసుకున్నాను. అదే నవల. దాన్ని రాయడానికి ఆరేళ్లు పట్టింది, ఎందుకంటే మొదట మూడేళ్లు గొప్ప భాషలో రాయాలని చూసి పాడుచేశాను. చివరికి దాన్ని కూడా ఎనిమిది ఫారాల్లాగే కట్టాను, ఒక్కో ఫారం మాత్రం లావయ్యింది. మొదటి పేజీలో తాడు మీద ఆరేసిన, అక్షరాల్లేని నీలం ఉత్తరం ఒకటి ఉంటుంది. ఎవరు రాశారు, ఏం రాశారు అన్నది పుస్తకం చివరిదాకా వెతకాలి. నదీ, వరదా, తుపానూ ఉన్నా అది డిటెక్టివ్ నవలే. విమర్శకులెవరూ అలా అనలేదు. మేస్త్రిగారొక్కరే, పుస్తకం ఇచ్చిన నెలకి ఫోన్ చేసి, "గొడుగు బాగా తడిసిందోయ్" అన్నారు. అందులో ముఖ్యమైన మనిషికి పేరు లేదు. అది కూడా ఆయనే పట్టుకున్నారు.

* * *

ప్రెస్సు అప్పటికే లేదు. కంప్యూటర్ మీద కంపోజు చేసే డీటీపీ వచ్చాక మావాళ్లు తట్టుకోలేకపోయారు. టైపంతా పాత సీసం కింద కిలోల లెక్కన అమ్మేశారని, గోనెసంచుల్లో పోసి తీసుకెళ్లారని విన్నాను. నేను చూడ్డానికి వెళ్లలేదు. వెళ్లాల్సింది. మేస్త్రిగారు ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా గుమ్మంలో నిలబడే ఉన్నారని వాళ్లబ్బాయి మొన్న భోజనాల దగ్గర చెప్పాడు.

ఇప్పుడు రాత్రి పదకొండయింది. ఇంత రాసి, మూట విప్పాను. పురికొస ముడి ప్రెస్సు ముడే, పేజీ కంపోజయ్యాక చుట్టూ బిగించి కట్టేది. కొస పట్టుకుని లాగితే ఊడిపోతుంది. గుడ్డ లోపల మైనపు కాగితం, దాంట్లో సీసం అచ్చులు, ఒక్కదానికీ సిరా మరక లేకుండా కడిగి ఉన్నాయి. ఒకటి తీసి దీపం కిందకి పెట్టాను. తలకిందులుగా, ఎదురు తిరిగి ఉంది. నాకింకా చదవడం వచ్చు. 'ణి'. ఇంకోటి తీశాను, అదీ 'ణి'. అన్నీ అవే.

బల్ల మీద వరసగా నిలబెట్టి లెక్కపెట్టాను. ముప్ఫై ఏడున్నాయి. మూడు ఎక్కడో పోయినట్టున్నాయి.